లెక్కల మనిషి చదివిన ఏడాది

(విశాఖపట్నంలో ఒక పాఠకుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

ఈ ఏడాది మీరేం చదివారో వచ్చి చెప్పండని ఫోన్ వచ్చినప్పుడు, పుస్తకాల జాబితా పంపిస్తే సరిపోతుందేమో అనుకున్నాను. "జాబితా వాట్సాప్‌లో పెట్టేయండి సార్, ఇక్కడికొచ్చి మాత్రం మాట్లాడండి" అన్నారు. బాగానే ఉంది. జాబితా చదివితే మీకు నిద్రొస్తుంది, నాకు గర్వమొస్తుంది. సాయంత్రం పూట రెండూ మంచివి కావు.

నేను బ్యాంకులో చేసి రిటైరయ్యాను. శ్రీకాకుళం, పార్వతీపురం వైపు చిన్న బ్రాంచీల్లోనే సర్వీసు చాలామటుకు గడిచింది. ఆఖర్న విశాఖ వచ్చిపడ్డాను. సాహిత్యం పాఠంగా చదువుకున్నవాణ్ణి కాదు, బీకాం. ఇక్కడ తెలుగు లెక్చరర్లు కనీసం ముగ్గురు కనిపిస్తున్నారు నాకు. వాళ్ళు కాస్త ఓపిక పట్టాలి.

ఈ ఏడాది ఒక నియమం పెట్టుకుని చదివాను. మన వైపు వాళ్ళవే చదవాలి. అంటే విశాఖ నుంచి ఇచ్ఛాపురం దాకా, ఇటు విజయనగరం, ఆ పైన ఏజెన్సీ. దీనికి కారణం మా అల్లుడు. గుంటూరు అబ్బాయి. సంక్రాంతికి వచ్చినప్పుడు నా అలమార చూసి, "మీ వైపు ఇంతమంది రచయితలేంటి మామయ్యగారూ, ఉద్యోగాల్లేకనా?" అన్నాడు. వేళాకోళానికే అన్నాడు లెండి. మా అమ్మాయి వాణ్ణి చూసిన చూపు మీరు చూడాల్సింది. నాకు మాత్రం ఆ మాట బుర్రలో ఉండిపోయింది. మన రచయితల పేర్లు నోటికొచ్చు. విగ్రహాలు బీచ్ రోడ్డులో రోజూ కనపడతాయి, వాకింగ్‌లో పలకరిస్తాం కూడా. పుస్తకం ఎప్పుడు చదివామంటే, కాలేజీలో ఎప్పుడో. సరే, మళ్ళీ మొదలెడదాం అనుకున్నాను.

కొన్ని ఇంట్లో ఉన్నాయి, కొన్ని ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో చదివాను, కొన్ని స్నేహితుల దగ్గర తెచ్చుకుని ఇంకా ఇవ్వలేదు. వాళ్ళు ఇక్కడే కూర్చున్నారు, అటు చూడటం లేదు నేను. (నవ్వులు) పాత కథలు కొన్ని తెలుగు కథల గ్రంథాలయం కథానిలయం వాళ్ళ వెబ్‌సైట్‌లో ఫోన్ మీద చదివాను. కళ్ళకి శ్రమే గానీ, పాత పత్రిక పేజీ ఉన్నది ఉన్నట్టు కనబడుతుంటే, పక్కన తలనొప్పి మాత్రల ప్రకటనతో సహా, దాని అందం దానిదే. ఇంకొన్ని బస్సులో. భీమిలి వెళ్ళే 900కె ఎక్కి కిటికీ పక్క సీటు దొరికితే రుషికొండ దాకా చదువుతాను. ఆ తర్వాత సముద్రం చదవనివ్వదు.

సొంత పుస్తకమైతే పెన్సిల్‌తో గీతలు పెట్టుకోవడం నాకలవాటు. వానాకాలం వచ్చేసరికి ఒకరోజు ఊరికే, అప్పటిదాకా చదివినవి తిరగేస్తున్నాను. అందరూ మంచి వాక్యం కింద గీత పెడతారు, వర్ణన కింద పెడతారు. నా గీతలన్నీ చూస్తే ఏముంది? ఇరవై రూపాయలు. పద్దెనిమిది వందలు. ఫీజు. వడ్డీ. మామూలు. కొండకి పోయినా కోనకి పోయినా బ్యాంకు గుమాస్తా బ్యాంకు గుమాస్తాయే అనుకుని నాలో నేనే నవ్వుకున్నాను మొదట. తర్వాత అనిపించింది, ఇది నా రోగం ఒక్కటే కాదు, ఈ పుస్తకాల్లోనే ఏదో ఉందని. ఇవాళ నేను చెప్పదలచుకున్నది అదొక్కటే. మన ఉత్తరాంధ్ర రచయితలు రూపాయి దగ్గర సిగ్గుపడరు. మనిషి మంచివాడా చెడ్డవాడా అని అడిగే ముందు, ఎవరి చేతిలోంచి ఎవరి చేతికి ఎంత పోయింది అని అడుగుతారు. ప్రేమ కథలోనైనా, హాస్యంలోనైనా, చావు దగ్గరైనా.

కన్యాశుల్కంతో మొదలెడతాను. 1892లో మొదటిసారి ఆడారు, 1897లో అచ్చయింది, ఇప్పుడు మనం చదువుకునే పెద్ద నాటకం 1909 నాటిది. ఇవన్నీ మీకు తెలిసినవే. గిరీశం డైలాగులు మన ఇళ్ళల్లో అందరికీ వచ్చు. కానీ మొదటి కూర్పుకి గురజాడ ఇంగ్లిష్‌లో రాసిన ముందుమాట మీలో ఎంతమంది చదివారు? నేను అరవై దాటాకే చదివాను. అసలు నాటకం కంటే ముందు అక్కడ ఒక స్టేట్‌మెంట్ ఉంది. బ్యాంకు భాషలో చెబుతున్నాను, స్టేట్‌మెంటే. విజయనగరం మహారాజా ఆనందగజపతి, అప్పటి విశాఖపట్నం జిల్లాలో మూడేళ్ళలో బ్రాహ్మణ కుటుంబాల్లో జరిగిన శుల్కం పెళ్ళిళ్ళకి, అంటే పిల్ల తండ్రికి డబ్బిచ్చి చేసుకునేవాటికి, ఒక పట్టిక తయారు చేయించారు. అప్పటి విశాఖ జిల్లా అంటే విజయనగరం కూడా అందులోదే, 1979 దాకా వేరు జిల్లా లేదు కదా. ఆ పట్టికలో లెక్కకొచ్చినవి 1034 పెళ్ళిళ్ళు. సగటున ఏడాదికి 344 అని రాశారు గురజాడ. నేను కాలిక్యులేటర్ తీసి చూశాను, ఇంకో మూడింట రెండొంతులు మిగులుతుంది. పెద్దమనిషి, దాన్ని వదిలేశారు.

తర్వాత పిల్లల వయసులు. ఐదేళ్ళ పిల్లలు 99 మంది. నాలుగేళ్ళవాళ్ళు 44. మూడేళ్ళవాళ్ళు 36. రెండేళ్ళవాళ్ళు ఆరుగురు. ఏడాది పిల్లలు ముగ్గురు. ఆ ఏడాది పిల్లల ధర తలకి మూడువందల యాభై నుంచి నాలుగువందల రూపాయలు. కడుపులో ఉన్న బిడ్డకి కూడా బేరాలు జరుగుతాయని రాశారు. పైగా ఈ పట్టిక పూర్తిది కాదు, డబ్బు పుచ్చుకున్నామని ఒప్పుకోవడానికి జనం ఇష్టపడరు అని కూడా రాశారు. అంటే అండర్ రిపోర్టింగ్. ఆ సంగతి ఆడిటర్ నోట్‌లా ఆయనే పెట్టేశారు.

ఇవన్నీ కూడితే ఐదేళ్ళూ అంతకు లోపూ 188 మంది. నేను ఆ అంకె పెన్సిల్‌తో మార్జిన్‌లో వేసి కాసేపు పుస్తకం మూసేశాను. మనం ఇంత నవ్వుకునే నాటకం కింద ఈ పట్టిక ఉంది. దీన్ని పక్కన పెట్టుకుని మళ్ళీ నాటకం చదవండి. తెర లేచీ లేవగానే గిరీశం ఏం చెబుతున్నాడు? సంతలో సామాను కొనిపెడతానని పూటకూళ్ళమ్మ దగ్గర ఇరవై రూపాయలు తీసుకుని, దాన్ని ఎక్కడ ఖర్చు పెట్టాడో చెబుతున్నాడు. అంత పెద్ద నాటకం ఒక ఎగవేత బాకీతో మొదలవుతుంది! మా బ్యాంకు భాషలో ఎన్‌పీఏ! అగ్నిహోత్రావధాన్లు తన రెండో కూతురు సుబ్బిని లుబ్ధావధాన్లుకి పద్దెనిమిది వందలకి ఒప్పుకుంటాడు. పెద్దకూతురు బుచ్చమ్మ అప్పటికే అలాంటి బేరంలోనే విధవరాలై ఇంట్లో ఉంది. ముందుమాటలో పట్టిక ఒక వరసలో ఉంటే, నాటకంలో ఆ వరసలోంచి ఒక్క పద్దు లేచి వచ్చి నిలబడ్డట్టు ఉంటుంది నాకు.

ఇదంతా ఇంట్లో ఉత్సాహంగా చెబుతుంటే మా ఆవిడ మధ్యలో ఆపేసింది. ఆవిడ నాకంటే ఎక్కువ చదువుతుంది, కాకపోతే ఎవరూ మైకు ఇవ్వరు. "మీకు పద్దెనిమిది వందలు కనపడ్డాయి సరే. ఆ పద్దెనిమిది వందల్లో ఒక్క రూపాయైనా సుబ్బి చేత్తో ముట్టుకుందా?" అంది. ఇది నాకు తట్టలేదు. అప్పుడు చూస్తే, ఆ నాటకంలో డబ్బు సొంతంగా సంపాదించి, సొంతంగా దాచి, ఎవరికెంత ఇవ్వాలో ఎవరికి ఇవ్వకూడదో సొంతంగా తేల్చుకునే ఆడమనిషి వేశ్య మధురవాణి. లెక్క తెలిసిన మనిషి కాబట్టే ఆ మగవాళ్ళందరినీ అలా ఆడించగలిగింది. పూటకూళ్ళమ్మకీ లెక్క తెలుసు, చీపురుకట్ట సాక్షిగా. మిగతా ఆడవాళ్ళ మీదుగా డబ్బు నడిచిపోతుంది.

ఆవిడ మాట మనసులో పెట్టుకునే చాసో కథలు చదివాను. చాగంటి సోమయాజులు, విజయనగరం. 'ఏలూరెళ్ళాలి' మీకు గుర్తుండే ఉంటుంది. ముసలి మొగుడు, పడుచు పెళ్ళాం. పిల్లలు లేకుండా ఆయన పోతే ఆస్తి దాయాదుల పాలవుతుంది, తన గతేమిటి అని ఆమె ముందుచూపుతో చేసుకున్న ఏర్పాటు కథ. కాలేజీ రోజుల్లో చదివినప్పుడు దాన్ని మేం ఇంకోరకం కథ అనుకుని చదివాం, ఎందుకు చదివామో చెప్పక్కర్లేదు. (నవ్వులు) ఇప్పుడు చదివితే వారసత్వ చట్టం మీద అంత మంచి కథ నేను చూడలేదు. చాసో ఆ మనిషిని ఒక్క మాట కూడా తప్పు పట్టడు. 'ఎందుకు పారేస్తాను నాన్నా'లో ఫీజు కట్టలేక చదువాగిపోయిన కుర్రాడు, తండ్రికి చుట్టలు కొనడానికి బయల్దేరి బడి మీంచి వెళ్ళాలి. అంతే కథ. 'వాయులీనం'లో ఇంట్లో ఫిడేలు అమ్ముడుపోతుంది. చాసో కథలు చాలా చిన్నవి. అప్పులవాడికి మాటలు ఎక్కువుండవు కదా, అలా ఉంటాయి.

రావిశాస్త్రి గారి దగ్గర నేను ఎక్కువ రోజులు ఆగిపోయాను. రాచకొండ విశ్వనాథశాస్త్రి, 1922లో పుట్టారు, 1993లో పోయారు. ఈ ఊళ్ళోనే వకీలు. ఇక్కడ కొందరు పెద్దలు ఆయన్ని కోర్టు ఆవరణలో చూసినవాళ్ళే ఉంటారు. ఆయన అందరికంటే పెద్ద ఎకౌంటెంటు అని నా అభిప్రాయం. 'ఆరు సారా కథలు' తీసుకోండి. మద్యనిషేధం ఉన్న రోజులు. చట్టం ప్రకారం సీసా ఉండకూడదు. కానీ ఆ లేని సీసా మీద ఎంతమంది బతుకుతున్నారు చూడండి. కాచేవాడు, అమ్మే మనిషి, పట్టుకునే పోలీసు, పట్టుకోకుండా ఉండే పోలీసు, సాక్ష్యం చెప్పేవాడు, జామీను నిలబడేవాడు, ప్లీడరు, ప్లీడరు గుమాస్తా. సారా ఖరీదు కంటే సారా చుట్టూ తిరిగే డబ్బే ఎక్కువ. 'మాయ' కథలో ముత్యాలమ్మ ఈ లెక్కంతా ఒక కుర్ర వకీలుకి విప్పి చెబుతుంది. ఆమెకి అక్షరం ముక్క రాదు. మేం బ్యాంకులో ట్రైనింగు పెట్టి చెప్పే క్యాష్ ఫ్లో ఆమె నోట్లో ఉంది. మన రాష్ట్రంలో 1995లో మళ్ళీ నిషేధం వచ్చి రెండేళ్ళకి పోయింది, అప్పుడు ఈ కథలు మళ్ళీ చదివినవాళ్ళు ఉంటే, ఏమీ మారలేదనుకుని ఉంటారు.

'అల్పజీవి' లైబ్రరీ ప్రతి చదివాను. భయస్తుడైన గుమాస్తా సుబ్బయ్య, గవరయ్య అనే కంట్రాక్టరు దగ్గర అప్పు, ఆ అప్పు వల్ల పడే నరకం. అప్పు చేయడం తన కోసం కూడా కాదు, బావమరిది కోసం. నాకు తెలిసి తెలుగులో బాకీ ఉన్న మనిషి రాత్రి ఎలా నిద్రపోతాడో రాసిన నవల అదే. మనిషి ఎదురుగా వస్తుంటే పక్క సందులోకి తిరగడం, తలుపు చప్పుడైతే గుండె జారడం. ఇవి నేను బల్లకి అవతలి వైపు నుంచి చూసినవి. సర్లెండి, చెప్పొచ్చేదేమిటంటే, నవల అయిపోయాక ఆఖరి అట్ట లోపలివైపు ఎవరో పాఠకుడు పెన్సిల్‌తో నెల ఖర్చు వేసుకున్నాడు. పైన 'పాలు', కింద 'బియ్యం', 'అద్దె', 'ట్యూషను', 'బావకి ఇచ్చినది'. ఒక్కొక్క దాని పక్కనా టిక్కు పెట్టుకుంటూ వచ్చాడు. 'బావకి ఇచ్చినది' పక్కన టిక్కు లేదు. కూడిక తప్పు కూడా ఉంది, పది రూపాయలు ఎక్కువ చూపించాడు. నవల తగిలి వేసుకున్నాడో, కాగితం దొరక్క వేసుకున్నాడో తెలియదు. లైబ్రరీ పుస్తకం పాడుచేయడం తప్పే, నేను రబ్బరు తీసి చెరపబోయి మానేశాను. ఆ పేజీ నవల్లోదే అనిపించింది.

ఇక్కడ ఒక చిన్న పక్కదారి. మనలో పుస్తకం ముట్టనివాళ్ళు కూడా గ్రంథాలయానికి డబ్బు కడుతున్నారు, తెలుసా? 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం ఇంటిపన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ సెస్సు. రసీదు తీసి చూడండి, ఉంటుంది. ఆ డబ్బు గ్రంథాలయాలకి సమయానికి చేరదని పేపర్లో చదువుతూనే ఉంటాం, అది వేరే గొడవ. నేనన్నది, మీరు ఇప్పటికే కట్టేశారు, ఇక వెళ్ళి చదవకపోతే నష్టం మీదే. నాలాంటివాడికి ఇంతకంటే పెద్ద ప్రోత్సాహం అక్కర్లేదు.

ఇప్పుడు 'యజ్ఞం'. కాళీపట్నం రామారావు మాస్టారు 1964లో రాసిన కథ. ఆయన విశాఖలోనే బడిపంతులుగా పనిచేశారు. ఈ కథ గురించి మాట్లాడ్డానికి నాకు కొంచెం ఇబ్బంది ఉంది, ఎందుకంటే అప్పు తీసుకున్నవాళ్ళ వైపు నుంచి చదవాల్సిన కథని నేను అప్పిచ్చే కుర్చీలో ముప్పై ఏళ్ళు పైన కూర్చుని వచ్చి చదివాను.

సుందరపాలెం. అప్పల్రాముడు బాకీ. ఊరి పెద్ద శ్రీరాములు నాయుడు ధర్మంగా తీర్పు చెప్పాలి. పంచాయితీ నడుస్తుంది. మామూలుగా ఇలాంటి కథల్లో అప్పిచ్చినవాడు మీసం మెలేస్తూ ఉంటాడు, మనకి పని సుళువు. మాస్టారు ఆ సుళువు మనకివ్వలేదు. బాకీ నిజం, పుచ్చుకున్నది నిజం, తీర్చాలనడం న్యాయం. అందరి మాటలూ సబబుగానే ఉంటాయి. అదే భయం. కోర్టు లెక్కలో ప్రోనోటుకి ఆయుష్షు మూడేళ్ళు, తిరగరాయకపోతే చచ్చిపోతుంది. ఊళ్ళో ఇచ్చిన మాటకి కాలదోషం లేదు. తండ్రి నుంచి కొడుక్కి, కొడుకు నుంచి మనవడికి అది నడుస్తుంది. అందుకే ఆఖర్న అప్పల్రాముడి కొడుకు సీతారాముడు తన కొడుకుని ఏం చేసి పంచాయితీ ముందుకి తెస్తాడో, చదివినవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు, చదవనివాళ్ళకి చెప్పకూడదు. ఆ ముగింపు నమ్మశక్యమా కాదా అని అప్పట్నించీ వాదనలు నడుస్తూనే ఉన్నాయి. నేను కూడా బీకాం రోజుల్లో, "మరీ ఎక్కువ చేశారండీ" అన్నవాళ్ళలో ఒకణ్ణి.

బ్యాంకులు 1969లో జాతీయమయ్యాక, ఆ పైన పదేళ్ళకి పల్లెల్లో బ్రాంచీలకి వెళ్ళిన తరం మాది. అప్పుడు గేదె లోన్లు ఇచ్చేవాళ్ళం. గేదెకి ఇన్సూరెన్సు, చెవికి ఒక బిళ్ళ, బిళ్ళ మీద నంబరు. గేదె చచ్చిపోతే ఆ బిళ్ళ తెచ్చి చూపించాలి. బిళ్ళ లేకపోతే క్లెయిము లేదు. పార్వతీపురం దగ్గర బ్రాంచిలో ఉండగా ఒక పొద్దున్న, ఇంకా క్యాష్ తెరవలేదు, ఒకాయన వచ్చి కౌంటరు మీద అడ్డాకు పొట్లం పెట్టాడు. విప్పితే చెవి. కోసుకొచ్చాడు. బిళ్ళ దాని మధ్యలో ఉంది, నంబరు మీద రక్తం ఎండిపోయి ఉంటే ఆయనే తడిగుడ్డ పెట్టి తుడిచి, చదవమని నా వైపు తిప్పాడు. "సరిపోనాదేటి బావూ?" అన్నాడు. లెడ్జరు తీసి చూశాను. సరిపోయింది. ఆయన మొహంలో ఎంత నిబ్బరమో, నేను చెప్పలేను. ఆయనకి ఏడవడానికి కూడా ముందు నంబరు సరిపోవాలి. మా క్యాషియరు ఆ రోజు టిఫిన్ తినలేదు. నేను ఫారం నింపాను, ఆయన వేలిముద్ర వేశాడు, పొట్లం మళ్ళీ కట్టి పట్టుకుపోయాడు.

ఈ ఏడాది యజ్ఞం మళ్ళీ చదువుతుంటే మరీ ఎక్కువ చేశారని నాకనిపించలేదు. అంతవరకే చెబుతాను.

పెంచిన జంతువు పోతే రైతుకి ఏమవుతుందో రావిశాస్త్రి గారి 'సొమ్మలు పోనాయండి'లోనూ ఉంది. యజ్ఞాన్నీ దీన్నీ పక్కపక్కన చదవండి. ఒకాయన ఎంత బిగబట్టి రాస్తారో, ఇంకొకాయన ఎంత విరగబూసి రాస్తారో తెలుస్తుంది.

బీనాదేవి రచనలు కొన్ని చదివాను. ఆ పేరు వెనక భార్యాభర్తలిద్దరూ ఉన్నారు, ఆయన న్యాయమూర్తి. 'పుణ్యభూమీ కళ్ళు తెరు' ఇప్పటికీ పదునుగానే ఉంది. అనువాదాలు ఒకటి రెండు మొదలెట్టి వదిలేశాను. ఎవరో ఇచ్చారని, 'ధనవంతులు కావడం ఎలా' అనే తరహా ఇంగ్లిష్ పుస్తకం కూడా ఒకటి చదివాను. ముప్పై పేజీలు చాలు. మన ముత్యాలమ్మ దగ్గర అంతకంటే ఎక్కువుంది.

మధ్యలో కాస్త ఊపిరి పీల్చుకుందామని కె.ఎన్.వై. పతంజలి హాస్యం చదివాను. ఆయనది అలమండ. అక్కడ రూపాయి లేదు, అదే తమాషా! 1948లో ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చింది, జమీందారీలు పోయాయి, దివాణాల్లో మీసాలు మాత్రం మిగిలాయి. 'వీరబొబ్బిలి'లో దివాణం కుక్కకి కూడా వంశ గౌరవం ఉంటుంది. 'గోపాత్రుడు'లో భూమి గుండ్రంగా ఉందా, బల్లపరుపుగా ఉందా అని ఊరు రెండు పార్టీలై తలలు పగలగొట్టుకుంటుంది, ఆ తగువు కోర్టుకి కూడా ఎక్కుతుంది. బస్సులో చదువుతూ పైకి నవ్వేశాను, పక్కసీటు ఆవిడ సంచీ దగ్గరికి తీసుకుంది. జేబు ఖాళీ అయ్యాక మనిషి దగ్గర దర్పం ఎన్నాళ్ళు నిలవ ఉంటుందన్నది పతంజలి లెక్క. చాలాకాలం ఉంటుందట. మా బ్రాంచిలో అలాంటి ఖాతాదారులు ఉండేవారు. బ్యాలెన్సు నలభై రూపాయలు, పలకరింపు మాత్రం "ఏమోయ్ మేనేజరూ".

శ్రీశ్రీ గురించి ఒక్క ముక్క చెప్పకపోతే ఈ ఊళ్ళో నన్ను బయటికి వెళ్ళనివ్వరు. ఆయన పుట్టింది ఇక్కడే, 1910లో. 'మహాప్రస్థానం' మళ్ళీ చదివాను, కవిత్వం మీద నేను మాట్లాడితే బాగుండదు. కానీ దాని పుట్టుక లెక్క చూడండి. పద్యాలు చాలావరకు 1930ల్లోవి. చలం 'యోగ్యతాపత్రం' రాసింది 1940లో. పుస్తకం అచ్చయింది 1950లో, అదీ నళినీకుమార్ అనే ఆయన పూనుకుని డబ్బు పెట్టబట్టి. ముందుమాట తయారై పదేళ్ళు కూర్చుంది! తెలుగు కవిత్వాన్ని మార్చేసిన పుస్తకం అచ్చు ఖర్చు దగ్గర పదేళ్ళు ఆగింది. అటువైపు 'యజ్ఞం' రాసిన కారా మాస్టారు, తనకొచ్చిన బహుమతుల డబ్బూ పుస్తకాల రాబడీ పెట్టి 1997లో శ్రీకాకుళంలో కథానిలయం కట్టారు. ఫోన్‌లో నేను చదివానన్న పాత కథలు ఆ చలవే.

ఇంత చెప్పాక, నా సిద్ధాంతం ఒప్పుకోని పుస్తకం ఒకటి ఉంది, అది కూడా చెప్పాలి. 'అమృత సంతానం'. ఒడియాలో గోపీనాథ్ మహాంతి రాసిన నవల, 1955లో కేంద్ర సాహిత్య అకాడెమీ బహుమతి వచ్చింది. కొరాపుట్ కొండల్లో కోదు గిరిజనుల కథ. మన విశాఖ కవి పురిపండా అప్పలస్వామి తెలుగు చేశారు. కొరాపుట్ కూడా ఒకప్పుడు ఈ జిల్లాలోదే కాబట్టి నా నియమానికి లోబడే చదివాను, ఎవరూ అభ్యంతరం చెప్పకండి. పెన్సిల్ పట్టుకుని కూర్చున్నాను. పేజీలు గడుస్తున్నాయి, గీత పడదు. సావుకారు లేడని కాదు, ఉన్నాడు. కింది నుంచి వచ్చేవాళ్ళు ఉన్నారు. కానీ ఆ మనుషుల రోజు డబ్బు చుట్టూ తిరగదు. ముసలి పెద్ద సరబు చనిపోతే, కొడుకు దివుడు, కోడలు పుయు, పండగలు, వేట, వాన, పసుపు చేలు, ఒకళ్ళ మీద ఒకళ్ళకి మోజు, మోజు తీరిపోవడం. ప్రతిదానికీ ఎంత అని అడిగే నా బుర్రకి ఆ నవల్లో పని లేకుండా పోయింది. మొదట విసుగొచ్చింది, నిజం. నాలుగో వంతు దాటాక ఆ విసుగు ఎటుపోయిందో పోయింది.

అయితే, మా ఆవిడ దాన్నీ వదల్లేదు. "వాళ్ళకి లెక్కలు లేవని కాదు, మీ లెడ్జర్లో పట్టవు" అంది. దీనికి నా దగ్గర జవాబు లేదు. మీలో ఎవరి దగ్గరైనా ఉంటే ప్రశ్నల సమయంలో చెప్పండి, ఇంటికి పట్టుకెళతాను.

అందుకే ఇప్పుడు కొండ మీది వాళ్ళు కొండ గురించి సొంతంగా రాసినవి మొదలెట్టాను. మల్లిపురం జగదీశ్ గారి 'శిలకోల' కథలు సగంలో ఉన్నాయి. నేను పనిచేసిన వైపు ఊళ్ళే, కౌంటరు అవతలి నుంచి. నేను సంతకం పెట్టిన కాగితాలు వాళ్ళ ఇళ్ళకి చేరాక ఏమయ్యాయో చదవడం కొంచెం నెమ్మదిగా సాగుతోంది.

చివరగా ఒక విన్నపం. నేను చదివిన 'అమృత సంతానం' చాలా పాత ప్రతి, ఆఖరి పేజీలు కొన్ని ఊడిపోయాయి. పుయు పసిబిడ్డని ఎత్తుకుని బయల్దేరేదాకా వచ్చి ఆగిపోయాను. ఎవరి దగ్గరైనా పూర్తి ప్రతి ఉంటే ఒక్క వారం ఇప్పించండి. జిరాక్స్ ఖర్చు నాదే, రసీదు కూడా అడగను.